పొడుగు రెక్క కట్టే సుంకం

హిందూపురం నుంచి ధర్మవరానికి పటం మీద తిన్నగా గీత గీస్తే సుమారు 70 కిలోమీటర్లు వస్తుంది. ఆ గీతను ఆనుకున్నట్టే పెనుకొండ ఉంటుంది. అక్కడి నుంచి హిందూపురం 30 కిలోమీటర్లు, ధర్మవరం 40. ఈ అధ్యాయానికి ఈ మూడు ఊళ్లే కొలబద్ద. ఇంజను లేని విమానం, అంటే గ్లైడర్, ఎంత గొప్పదో చెప్పమంటే ఎవరైనా ముందు చెప్పేది దాని జారుడు నిష్పత్తి. కదలని గాలిలో ఒక కిలోమీటరు ఎత్తు పోగొట్టుకుంటూ ఎన్ని కిలోమీటర్లు ముందుకు పోగలదన్నదే ఆ లెక్క. నింబస్-4 అనే జర్మన్ గ్లైడర్ రెక్కలు ఈ కొన నుంచి ఆ కొనకు 26.4 మీటర్లు, జారుడు నిష్పత్తి 60. హిందూపురం మీద 1200 మీటర్ల ఎత్తులో దాన్ని వదిలితే, గాలి నిలకడగా ఉంటే, ధర్మవరం చేరిపోతుంది. ధర్మవరం రెండు వందల మీటర్లకు పైగా పల్లంలో ఉంది కాబట్టి చేతిలో కాస్త ఎత్తు కూడా మిగులుతుంది. 2000లో తొలిసారి ఎగిరిన ఈటా అనే గ్లైడర్ రెక్కలు 30.9 మీటర్లు, నిష్పత్తి 70 దగ్గర. దానికి వెయ్యి మీటర్ల ఎత్తు చాలు. ఈ అంకెలు నిజమైనవే, అబ్బురపడదగ్గవే. కానీ వీటిని బట్టి గ్లైడర్ మంచిచెడ్డలు తేల్చడం పొరపాటని నా వాదన. రెక్క పొడవులో పెరిగే ప్రతి మీటరుకూ పైలట్ చేతి దగ్గర సుంకం కట్టాలి. ఆ సుంకం లెక్కలోకి రాకపోతే గ్లైడర్ గురించి మనకు తెలిసింది సగమే.

ముందు రెక్క ఎందుకు పొడుగవుతుందో చూద్దాం. ఎగిరే రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కొనల దగ్గర అడ్డం ఉండదు కాబట్టి కింది గాలి అంచు దాటి పైకి పొర్లుతుంది, వెనక సుడులు కడుతుంది. ఆ సుడులు తిప్పడానికి ఖర్చయ్యే శక్తి గ్లైడర్ తన ఎత్తులోంచే ఇచ్చుకోవాలి. జర్మనీలో లుడ్విగ్ ప్రాంట్ల్ 1918-19లో దీన్ని గణితంలో పెట్టాడు. అదే బరువు, అదే వేగం ఉంచి రెక్కల పొడవు రెట్టింపు చేస్తే ఈ సుడుల ఈడ్పు నాలుగో వంతుకు పడిపోతుంది. మరింత తేలిగ్గా అర్థం కావాలంటే పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ రామగిరి గుట్టల మీది గాలిమరలను చూడండి. వాటి రెక్క సన్నగా, పొడుగ్గా, మొదట్లో వెడల్పై కొనకు పోనుపోను సన్నబడి, నిలువునా కాస్త మెలి తిరిగి ఉంటుంది. అది కూడా సుడులకు పోయే శక్తిని మిగుల్చుకోవడానికి చేసిన ఆకారమే. పదార్థం కూడా చాలావరకు గ్లైడర్‌కూ దానికీ ఒకటే: రెసిన్‌లో తడిపిన గాజు నార. ఆ గాజు నారతో తయారైన తొలి గ్లైడర్ ఫీనిక్స్, జర్మనీలో 1957లో ఎగిరింది. అంతకు ముందు చెక్కతో చేయలేనంత సన్నటి, నున్నటి రెక్కలు ఆ తర్వాతే సాధ్యమయ్యాయి.

ఇక సుంకం సంగతి. గాలిమర రెక్క ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది, దానికి మలుపు తీసుకునే పని లేదు. గ్లైడర్‌కు మలుపే బతుకు. నింబస్ లాంటి 26 మీటర్ల రెక్కల గ్లైడర్ గంటకు 90 కిలోమీటర్ల వేగంతో, 45 డిగ్రీలు ఒరిగి గుండ్రంగా తిరుగుతోందనుకోండి. దాని చుట్టుడు వృత్తం వ్యాసార్ధం 64 మీటర్లు. ఒకే గ్లైడర్, ఒకే క్షణం, అయినా రెండు రెక్కల కొనలు ఒకే వేగంతో పోవు. వృత్తం లోపలి వైపు కొన 55 మీటర్ల వ్యాసార్ధంలో గంటకు 77 కిలోమీటర్లతో పోతుంటే, బయటి కొన 73 మీటర్ల వ్యాసార్ధంలో 103 కిలోమీటర్లతో పరిగెడుతుంది. ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి బయటి కొన మీద గాలి పట్టు లోపలి కొన మీద కన్నా ముప్పావు వంతు ఎక్కువ. దాంతో బయటి రెక్క తనంతట తాను ఇంకా లేస్తుంది, గ్లైడర్ ఇంకా ఒరగబోతుంది. దాన్ని ఆపడానికి పైలట్ చేతి కర్రను, అంటే స్టిక్‌ను మలుపుకు ఎదురు దిక్కుకు పట్టి ఉంచాలి. పట్టి ఉంచితే లోపలి రెక్క వెనకంచున ఉన్న ఎయిలరాన్ అనే కదిలే పలక కిందికి వంగుతుంది. అసలే నెమ్మదిగా పోతున్న ఆ రెక్క చేత ఇంకా ఎక్కువ పని చేయించడమన్నమాట. తిన్నగా ఎగిరేటప్పుడు 70 కిలోమీటర్ల దగ్గర గాలి పట్టు తప్పే, అంటే స్టాల్ అయ్యే గ్లైడర్, 45 డిగ్రీలు ఒరిగితే 83 దగ్గరే స్టాల్ అవుతుంది. మనం పోతున్నది 90. ఈ ఏడు కిలోమీటర్ల మిగులును ఒక గాలి కుదుపు మింగేయగలదు. అప్పుడు ముందుగా లొంగిపోయేది ఆ లోపలి కొనే. డిజైనర్లు కొన దగ్గర రెక్కను మెలితిప్పి, ఆకారం మార్చి ఆ లొంగుబాటును వాయిదా వేస్తారు. అంతకు మించి చేయలేరు, ఎందుకంటే వేగాల తేడా జ్యామితిలోనే ఉంది. 15 మీటర్ల రెక్కలకు ఇదే మలుపులో తేడా చాలా తక్కువ.

రెండో సుంకం మలుపులోకి దిగేటప్పుడే కట్టాలి. ఎడమకు ఒరగాలంటే కుడి ఎయిలరాన్ కిందికి దించుతాం, కుడి రెక్క లేస్తుంది. లేచే రెక్క గాలికి ఎక్కువ ఈడ్పు ఇస్తుంది, వెనక్కి పడుతుంది, ముక్కు కుడికి తిరుగుతుంది. పైలట్ అడిగింది ఎడమ, ముక్కు చూసింది కుడి. మామూలు విమానంలో కూడా ఉన్న గుణమే ఇది, కానీ ఈడ్పు ఎంత దూరం నుంచి లాగితే అంత బలంగా ముక్కును తిప్పుతుంది. 13 మీటర్ల అవతల ఉన్న కొన అంటే ఎంత పొడుగు మీట ఊహించండి. అందుకే గ్లైడర్‌లో చెయ్యి కదిలినప్పుడల్లా కాలు కూడా కదలాలి, స్టిక్‌తో పాటే తోక మీది చుక్కానిని, అంటే రడ్డర్‌ను, తిప్పే పెడల్ నొక్కాలి. ఆ పొందిక కుదిరిందో లేదో చెప్పేది ఖరీదైన యంత్రం కాదు, కాక్‌పిట్ అద్దం మీద టేపుతో అంటించిన జానెడు నూలు పోగు. అది తిన్నగా వెనక్కి ఉంటే అంతా సవ్యం, పక్కకు వాలితే గ్లైడర్ గాలిని అడ్డంగా కోసుకుంటూ పోతోందన్నమాట, కష్టపడి సంపాదించిన ఎత్తు వృథా. ధర్మవరం మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి పోగు బిగువు వేలి కొసకు తెలిసినట్టే ఈ పోగు వాలు గ్లైడర్ పైలట్ పాదానికి తెలియాలి. ఇక ఒరగడానికి పట్టే సమయం చూడండి. ఒక పక్కకు 45 డిగ్రీలు ఒరిగి ఉన్న గ్లైడర్ రెండో పక్కకు 45 డిగ్రీలు ఒరగడానికి, రెక్కల పొడవును మీటర్లలో తీసుకుని మూడుతో భాగిస్తే వచ్చినన్ని సెకన్లకు మించి తీసుకోకూడదని ఐరోపా ధ్రువీకరణ నియమం. 15 మీటర్లకు 5 సెకన్లు. 26.4 మీటర్లకు దాదాపు 9. నియమమే పొడుగు రెక్కకు అంత వెసులుబాటు ఇచ్చిందంటే, అంతకన్నా చురుకుదనం అడగడం న్యాయం కాదని ఒప్పుకున్నట్టే. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో ఆ తొమ్మిది సెకన్లలో గ్లైడర్ 220 మీటర్లు పోతుంది.

ఆ 220 మీటర్లు ఎందుకు ముఖ్యమో ఈ నేల చెబుతుంది. పెనుకొండ చుట్టుపక్కలంతా బండరాతి గుట్టలు, ఎర్రటి పలచని నేల, వానాకాలం పంట కోసేశాక బోసిపోయిన వేరుశనగ చేలు. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో పాత అనంతపురం జిల్లా ఒకటి. తడి లేని నేల ఎండ వేడిని నీటిని ఆవిరి చేయడానికి ఖర్చు పెట్టదు, నేరుగా పైనున్న గాలికి అప్పజెబుతుంది. వేసవిలో పదిగంటలు దాటగానే గుట్టల తూర్పు వాలుల మీద, బీళ్ల మీద వేడెక్కిన గాలి బుగ్గలుగా తెగి పైకి లేస్తుంది. చేలల్లో ఎండుటాకులనూ దుమ్మునూ ఎత్తి తిప్పే సుడిగాలి దాని కాలి ముద్ర. గ్లైడర్ వాళ్లు ఈ లేచే గాలిని థర్మల్ అంటారు. చెరువు నిండి ఉన్నచోట అది లేవదు, బండ కాలినచోట లేస్తుంది. దాని నడుమ బలమైన భాగం తరచు వంద, రెండు వందల మీటర్ల వెడల్పుకు మించదు. అంటే పొడుగు రెక్క ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒరిగే లోపే థర్మల్ వెనక ఉండిపోతుంది.

ఇప్పుడు ఈ రెండు గుణాలనూ ఒకే త్రాసులో తూద్దాం. ఒక గ్లైడర్ నిష్పత్తి 50, కానీ వృత్తం పెద్దది కాబట్టి థర్మల్‌లో సెకనుకు 2 మీటర్లే ఎక్కగలదు. ఇంకోదాని నిష్పత్తి 40, కానీ ఇరుకుగా తిరుగుతుంది కాబట్టి సెకనుకు రెండున్నర మీటర్లు ఎక్కుతుంది. రెండూ గంటకు 100 కిలోమీటర్లతో జారతాయి. హిందూపురంలో ఎంత ఎత్తున బయలుదేరాయో ధర్మవరానికి కూడా అంత ఎత్తునే చేరాలి. 70 కిలోమీటర్లకు జారుడు సమయం ఇద్దరికీ 42 నిమిషాలు. మొదటిది దారిలో 1400 మీటర్లు పోగొట్టుకుంటుంది, తిరిగి ఎక్కడానికి 700 సెకన్లు. రెండోది 1750 మీటర్లు పోగొట్టుకుంటుంది, సెకనుకు రెండున్నర చొప్పున ఎక్కడానికి సరిగ్గా అవే 700 సెకన్లు. నిష్పత్తిలో పది అంకెల తేడాను సెకనుకు అరమీటరు ఎక్కుడు సమం చేసేసింది. ఉదయం పూట థర్మల్‌లు ఇంకా బలహీనంగా ఉన్నప్పుడు, ఒకటి సెకనుకు 1 మీటరు, ఇంకోటి ఒకటిన్నర ఎక్కుతున్నాయనుకోండి. అప్పుడు మొదటి దానికి 1400 సెకన్లు, రెండో దానికి 1167. పొట్టి రెక్క దాదాపు నాలుగు నిమిషాల ముందే ధర్మవరం చేరుతుంది. ఎక్కుడు రేటును బట్టి జారుడు వేగాన్ని ఎంచుకునే పద్ధతిని అమెరికా పైలట్ పాల్ మెక్‌క్రెడీ 1940ల చివర్లో స్థిరపరిచాడు. 1956లో ప్రపంచ విజేత అయినవాడు ఆయనే. జారడం, ఎక్కడం ఒకే ఖాతాలోని రెండు పద్దులని ఆయన పద్ధతి మొత్తం చెబుతుంది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. మలుపే తిరగక్కర్లేని చోట్లు ఉన్నాయి కదా? గాలి పొడవాటి పర్వతశ్రేణిని ఢీకొని అలలుగా లేచే చోట గ్లైడర్ గంటల తరబడి తిన్నగా పోగలదు. అర్జెంటీనాలో ఆండీస్ అలల మీద క్లాస్ ఓల్మన్ 2003 జనవరిలో ఒకే ప్రయాణంలో 3009 కిలోమీటర్లు ఎగిరాడు. ఆయన ఎక్కింది నింబస్-4డీఎమ్. అక్కడ పొడుగు రెక్కదే రాజ్యం, నేను కాదనను. మేఘాలు వరుస కట్టి వీధిలా సాగినప్పుడు కూడా అంతే. కానీ పెనుకొండ ఒంటి గుట్ట, ఆండీస్ కాదు. చెదురుమదురు గుట్టల నేలలో దొరికేది థర్మల్, థర్మల్ అంటే మలుపు. పైగా అదే నింబస్-4డీఎమ్ చరిత్రలో ఇంకో పుట కూడా ఉంది. 1999 జులైలో అమెరికాలో నెవాడా రాష్ట్రం మిండెన్ దగ్గర అలాంటి గ్లైడర్ గాలిలోనే రెక్కలు విరిగి కూలింది, ఇద్దరు చనిపోయారు. అనుకోకుండా గిరగిరా తిరుగుతూ పడే స్పిన్‌లోకో, సుడి దూకుడులోకో పడి, వేగం హద్దు దాటాక, బయటపడే ప్రయత్నంలో ముక్కును అతిగా పైకి లాగడంతో రెక్కలు వాటి గరిష్ఠ బలానికి మించిన భారం మోయాల్సి వచ్చిందని విచారణలో తేలింది. ఈడ్పు అతి తక్కువ ఉన్న గ్లైడర్‌కు ఇదే మూడో సుంకం. ముక్కు కిందికి వాలిందంటే వేగం కళ్లు మూసి తెరిచేలోగా పెరిగిపోతుంది. ఏ గుణం దాన్ని ధర్మవరం దాకా మోసుకెళ్తుందో ఆ గుణమే పొరపాటు దిద్దుకునే సమయం తగ్గిస్తుంది. ఇది కొత్త పాఠం కూడా కాదు. ఆస్ట్రియా పైలట్ రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్ కోసం 1930 ప్రాంతంలో 30 మీటర్ల రెక్కలతో ఆస్ట్రియా అనే చెక్క గ్లైడర్ కట్టారు. అది 1932లో మేఘంలో చిక్కి గాలిలోనే విరిగిపోయింది, నడుపుతున్నతను పారాచూట్‌తో బతికి బయటపడ్డాడు.

రెక్క, మలుపు ఈ రెంటినీ ఇంకోలా పొదిగిన జీవి ఒకటుంది. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేపాక్షిలో జటాయువు పడిపోయాడని స్థలపురాణం. రామాయణం అతన్ని గృధ్రరాజు అంటుంది, గృధ్రం అంటే రాబందు. బ్రిటిష్ శాస్త్రవేత్త కోలిన్ పెనిక్విక్ మోటారు గ్లైడర్‌లో తూర్పు ఆఫ్రికా రాబందుల వెంట ఎగిరి వాటి జారుడును కొలిచాడు. తేలిన నిష్పత్తి సుమారు 15. నింబస్ పక్కన పెడితే నాలుగో వంతు. అయినా రాబందు రోజంతా రెక్క ఆడించకుండా ఎగరగలదు. దాని రహస్యం వృత్తంలో ఉంది. సెకనుకు 13 మీటర్ల వేగంతో 30 డిగ్రీలు ఒరిగితే 30 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది, గ్లైడర్ వృత్తంలో సగం కూడా కాదు. గ్లైడర్ అందుకోలేని థర్మల్ నడిబొడ్డులో, ఇంకా నేలకు దగ్గరగా, సన్నగా ఉన్నప్పుడే అది చేరి కూర్చుంటుంది. రెక్క పొట్టిగా వెడల్పుగా ఉంటుంది, సుడుల నష్టాన్ని కొనల్లో వేళ్లలా విచ్చుకున్న ఈకలతో కొంత తగ్గించుకుంటుంది. పక్షి చిన్నది, తేలిక, యంత్రంతో పోల్చడం సబబా అని అడగవచ్చు. బరువు తక్కువైతే వేగం తక్కువ, వేగం తక్కువైతే వృత్తం చిన్నది, నిజమే, ఆ మేరకు పోలిక నిలవదు. కానీ పరిణామం ఈ పక్షికి పొడుగు రెక్క ఇవ్వలేక ఇవ్వలేదని అనుకోవద్దు. సముద్రం మీది ఆల్బట్రాస్‌కు ఇచ్చింది. థర్మల్‌ల మీద బతికే నేల పక్షికి మాత్రం పొట్టి రెక్కే ఎంచింది.

ఇంకో మాట కూడా ఉంది, నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. గ్లైడర్ చేతికి లొంగడం ఎంత ముఖ్యమో, చేతికి కబురు చెప్పడం అంతే ముఖ్యం. ఎడమ వైపు థర్మల్ ఉంటే ఎడమ రెక్క కాస్త లేస్తుంది. ఆ చిన్న లేపు తెలిస్తేనే ఎటు తిరగాలో తెలుస్తుంది. గౌతమ్ రెడ్డి, మాసిమో వెర్గసోలా, టెరెన్స్ సెజ్నోవ్‌స్కీ తదితరులు రెండు మీటర్ల రెక్కల చిన్న గ్లైడర్‌కు తనంతట తానే థర్మల్‌లలో ఎక్కడం నేర్పి, ఆ ఫలితాన్ని 2018లో నేచర్ పత్రికలో ప్రచురించారు. అది ఆధారపడిన కబుర్లు రెండు: పైకి పోయే గాలి వేగం పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఒకటి, రెండు రెక్కల మీద గాలి తేడా ఎటు ఒరిగిస్తోందన్నది రెండోది. యంత్రాలున్నాయి కదా, చేతికి తెలియడమెందుకు అనవచ్చు. వేరియోమీటర్ పైకి పోతున్నామో కిందికి పోతున్నామో చెబుతుంది, కుడా ఎడమా చెప్పదు. బరువైన, పొడుగైన, వంగే రెక్క ఆ ఒరుగు కబురును తనలోనే నానబెట్టి ఆలస్యంగా, మసకగా చేరవేస్తుంది.

ఈ లెక్కలన్నీ డిజైనర్లకు తెలియనివి కావు. అందుకే పోటీల్లో రెక్కకు పరిమితి లేని ఓపెన్ క్లాసుతో పాటు 15 మీటర్లు, 18 మీటర్ల తరగతులు కూడా పుట్టి నిలబడ్డాయి. మన దేశంలో సివిల్ ఏవియేషన్ టెక్నికల్ సెంటర్‌లో ఎస్. రామామృతం 1960ల్లో రూపొందించిన కార్తీక్ చెక్క గ్లైడర్ కూడా 15 మీటర్లదే. దిగేటప్పుడు కూడా పొడుగు రెక్క మొండికేస్తుంది. 60 నిష్పత్తి గ్లైడర్ చేను గట్టు మీద పది మీటర్ల ఎత్తు మిగుల్చుకుని వస్తే, రెక్క మీది గాలి బ్రేకులు తెరవకపోతే, ఇంకా 600 మీటర్లు తేలిపోతుంది. ధర్మవరం దగ్గర ఏ రైతు చేను అంత పొడుగుంటుంది? దిగాల్సిన చోట దిగకపోవడం కూడా నడక గుణమే, జారుడు నిష్పత్తి కాగితం మీద అది కనపడదు. నా తీర్పు ఇది: ఈ మూడు ఊళ్ల మీది ఆకాశానికి 15, 18 మీటర్ల రెక్కే తగిన రెక్క. అంతకు మించినది ఇక్కడ తన సుంకాన్ని తానే తిరిగి సంపాదించుకోలేదు.

మలుపులోని ఈ పనితనాన్ని కళ్లారా చూడాలంటే గ్లైడర్ అక్కర్లేదు, పక్షి చాలు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు 1990ల నుంచి దేశంలో రాబందులను 95 శాతానికి పైగా తుడిచిపెట్టింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. రాబందు కనపడకపోయినా గద్ద కనపడుతుంది. వేసవిలో ఉదయం పది దాటాక పెనుకొండ కొండ కింద నిలబడి, గుట్ట మీద తిరిగే గద్ద తోకను చూడండి. చీలిన ఆ తోక శరీరంతో పాటు నిలవదు, మలుపు మలుపుకూ విడిగా ఓ పక్కకు మెలి తిరుగుతుంది. గ్లైడర్ పైలట్ కాలు పెడల్ మీద చేసే పని అదే.